చేతులు కనబడే కెమెరా

యమున నోటితో మాట్లాడటం కంటే ముందు చేతులతో మాట్లాడటం నేర్చుకుంది. పరకాల దగ్గరి పల్లె వాళ్లది. తల్లి సమ్మమ్మకు పుట్టుకతోనే వినబడదు, మాట రాదు. తండ్రి కట్టయ్య పత్తి మిల్లులో హమాలీ. ఆయనకు మాట వచ్చుగానీ, పొద్దున పోయి పొద్దుగూకాక వచ్చే మనిషికి మాట్లాడే ఓపిక ఎక్కడిది? కాబట్టి ఇంట్లో భాష అంటే తల్లీబిడ్డల చేతుల భాషే. చెంపకు అరచెయ్యి ఆనిస్తే నిద్ర, ముక్కుపుడక చోట వేలు పెడితే మేనత్త, నుదుటి మీద వేలితో అడ్డగీత గీస్తే జ్వరం. ఇవి ఏ పుస్తకంలోనూ లేవు. వాళ్లిద్దరూ కల్పించుకున్నవి.

ఐదేళ్ల పిల్ల తల్లి కొంగు పట్టుకుని కిరాణా కొట్టుకు పోయి, "అమ్మ పావుకిలో చింతపండు ఇయ్యమంటాంది. పోయినసారి దాంట్ల అన్ని గింజలే ఉన్నయట, గట్లనే ఇస్తె ఊకోదట" అని తల్లి కోపాన్ని కూడా పొట్లం కట్టి అప్పజెప్పేది. ఎప్పుడైనా సిగ్గుపడి సగం మాట మింగితే సమ్మమ్మ పట్టేసేది. కొట్టువాడి మొహం చూస్తే చాలు, బిడ్డ పూర్తిగా చెప్పిందో లేదో ఆమెకు తెలిసిపోయేది. "నా మాట నేనన్నట్టే చెప్పు, తగ్గించకు" అని చేత్తో గదిమేది. యమునకు తన పనిలో మొదటి పాఠం అదే.

ఆ పని ఇప్పుడు ఆమె బతుకుతెరువు. హనుమకొండలో డిగ్రీ, హైదరాబాద్‌లో సంకేత భాష డిప్లొమా చేసింది. బధిర పిల్లల బడిలో పదిహేనేళ్లు పాఠాలు చెప్పింది. ఆ తర్వాత బడి మానేసి ఇంటర్‌ప్రెటర్‌గా నిలబడింది. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు, కోర్టులో సాక్ష్యం, దవాఖానలో డాక్టరు, పెళ్లిచూపుల్లో పిల్లా పిల్లాడూ. వినబడేవాళ్లకూ వినబడనివాళ్లకూ నడుమ ఎక్కడ అవసరం పడితే అక్కడ యమున. నలభై మూడేళ్ల మనిషి, సన్నగా ఉంటుంది, నడక వేగం. చేతులు మాత్రం మనిషికంటే రెండేళ్లు పెద్దవన్నట్టు గట్టిగా ఉంటాయి. పూలచీరలంటే ఇష్టం ఉన్నా పనికి పోయేటప్పుడు కట్టదు. ఏ డిజైనూ లేని నీలం రంగో, ముదురు ఆకుపచ్చో కట్టుకుంటుంది, చేతులు తేటగా కనబడాలని.

అరగంట పని కోసం హనుమకొండ నుంచి బస్సులో పరకాల పోయిరావాలంటే పూట గడిచిపోతుంది. అందుకని రెండేళ్ల నుంచి లాప్‌టాప్‌లో వీడియో కాల్ మీద చేయడం మొదలుపెట్టింది. బాగానే సాగుతోందని అనుకుంది, రుహీ విషయం జరిగేదాకా.

రుహీ ఆమె దగ్గర పదో తరగతి దాకా చదువుకున్న పిల్ల. రెండేళ్ల వయసులో జ్వరం వచ్చి వినికిడి పోయింది. ఇప్పుడు ఇరవై మూడేళ్లు, పరకాల కోడలు. భర్త హమ్మాద్ ఏసీలు బిగించే పని మీద ఊళ్లు తిరుగుతాడు. అతనికి వినబడుతుంది, నాలుగైదు సైగలు వచ్చు, మిగతాది ఫోన్‌లో రాసి చూపిస్తాడు. అత్త గులాబ్ బీకి రాతా రాదు, సైగా రాదు. రుహీకి ఆరో నెల. అత్తే ఆమెను పరకాలలో ఒక నర్సింగ్ హోమ్‌కు తీసుకుపోతుంది. డాక్టర్ శోభారాణి అడిగినవాటికి కూడా అత్తే జవాబు చెప్తుంది. రుహీ పట్టుబట్టి ఫోన్‌లో యమునను కలిపింది.

ఆ సాయంత్రం డాక్టరు, "రేపు పొద్దున ఏం తినకుండా రావాలి, షుగర్ పరీక్ష ఉంది" అన్నది. యమున తన ఇంట్లో ట్యూబులైటు కింద కూర్చుని అదే మాట చేతులతో చెప్పింది. రేపు. పొద్దున. తినడం. వద్దు. రుహీ తల ఊపింది. మరునాడు రెండు రొట్టెలు తిని, చాయ్ తాగి, అత్తతో కలిసి ఆటో ఎక్కి వెళ్లింది. ల్యాబ్‌లో, తిన్నారా అని అడిగి తిప్పి పంపేశారు.

గులాబ్ బీ ఫోన్ చేసింది. "ఏం బిడ్డా, తిని రమ్మని నువ్వే చెప్పినవంట గదా? నిండు మనిషిని ఎండల ఇంత దూరం తిప్పితిమి."

యమున జవాబు చెప్పేలోపే రుహీ పంపిన వీడియో వచ్చింది. రుహీ మొహంలో కోపం లేదు, చికాకు ఉంది. "టీచర్, మీరు తినడం అన్నారు. అంతే కనబడింది. వద్దు అన్నది నాకు కనబడలేదు."

యమున లాప్‌టాప్ తెరిచి, తన కెమెరా ముందు అదే మాటను నిన్న చెప్పినంత వేగంతోనే చెప్పి రికార్డు చేసుకుని చూసింది. ఇన్నాళ్లూ తన ఎదుట ఉన్నవాళ్లను చూసిందేగానీ, వాళ్లకు తను ఎలా కనబడుతోందో ఒక్కసారి కూడా చూసుకోలేదు. తినడం నోటి దగ్గర చేసే సైగ కాబట్టి తేటగా ఉంది. వద్దు అన్నప్పుడు చెయ్యి ఛాతీ కింది నుంచి పక్కకు పోయింది. ఆ కింది భాగమే కెమెరాలో పడలేదు. పడిన కొసరు కూడా వేలికి వేలు అంటుకుపోయి, పొయ్యి మీద ఆవిరిలా కనబడింది. తల అడ్డంగా ఊపింది కూడా, కానీ సరిగ్గా అప్పుడే బొమ్మ ఆగి ఆగి కదిలింది.

ఆమె గులాబ్ బీకి తిరిగి ఫోన్ చేసింది. "అమ్మా, తప్పు రుహీది కాదు, నాది. నా కెమెరా మంచిగ లేదు. మల్ల ఇట్ల కాదు, నా మాట నమ్మండి."

ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసే భర్త శేఖర్ అన్నం తింటూ ఇదంతా విన్నాడు. "గంతే గదా! ఆన్‌లైన్‌ల ఒక వెబ్‌క్యామ్ తెప్పిద్దాం. నాలుగున్నర స్టార్లున్నది చూసి బుక్ చేస్త" అని ఫోన్ తీశాడు.

"ఆ స్టార్లు ఇచ్చినోళ్లు నోటితోని మాట్లాడెటోళ్లయ్యా," అన్నది యమున. "మొహం తెల్లగ కనవడితె ఐదు స్టార్లు ఇస్తరు. చేతులతోని మాట్లాడెటోళ్లు చూసి చెప్పింది నాకు గావాలె."

"మరి ఫోన్‌తోని చెయ్యరాదు? ఫోన్‌ల కెమెరా మంచిగనే ఉంటది గదా."

"ఫోన్‌ల వాళ్లు నాకు వేలెడంత కనవడ్తరు. డాక్టరును, పేషంటును ఇద్దరిని చూడాలె నేను. దవాఖానోళ్లు మల్ల అదే ఫోన్‌కు కాల్ చేస్తరు. లాప్‌టాపే ఉండాలె. దానికి తగిలించుకునే కెమెరా, సంచిలేసుకొని బస్సుల పొయ్యేది గావాలె."

శేఖర్‌కు ఆమె సంగతి తెలుసు. ఇంత వివరంగా చెప్తోందంటే అప్పటికే నిర్ణయం అయిపోయిందని అర్థం.

మరుసటి రోజు మధ్యాహ్నం లాప్‌టాప్ సంచితో హనుమకొండ చౌరస్తాలో దిగింది. అక్కడికి నాలుగడుగుల దూరంలో, ఒక సందులో కరీముద్దీన్ దుకాణం. ఆయన తండ్రి రేడియోలు బాగుచేసేవాడు, ఆయన టీవీలు బాగుచేశాడు, ఇప్పుడు కంప్యూటర్లు. అరవై దగ్గరపడ్డ మనిషి, కళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని పనిచేస్తాడు. బడిలో ఉన్నప్పుడు కంప్యూటర్లకు ఏమొచ్చినా ఆయన దగ్గరికే తెచ్చేవాళ్లు కాబట్టి యమునకు పాత పరిచయం.

"వెబ్‌క్యామా? కూసో చెల్లె. మంచి మాల్ ఉన్నది," అని అద్దాల బీరువాలోంచి పెట్టె తీశాడు.

యమున కూర్చోలేదు. ముందు లాప్‌టాప్ తెరిచి నిఖిల్‌కు వీడియో కాల్ చేసింది. నిఖిల్ కూడా ఆమె శిష్యుడే. వరంగల్ స్టేషన్ రోడ్డులో డీటీపీ సెంటర్ నడుపుతాడు. పుట్టుకతో వినబడదు, కళ్లు మాత్రం డేగ కళ్లు. పెళ్లి కార్డులో ఒక్క కొమ్ము తప్పిపోయినా పట్టేస్తాడు. అందుకే అతన్ని అడిగింది. భోజనాల టైంలో ఒక గంట నా కోసం ఖాళీ పెట్టుకో, నాకు కనబడేది కాదు, నీకు కనబడేది చెప్పు అన్నది.

కరీముద్దీన్ మొదట తీసింది దుకాణంలోకెల్లా ఖరీదైనది. వెండి రంగు, గుండ్రటి తల. "ఇది మనిషి మొహాన్ని పట్టుకుంటది చెల్లె. నువ్వు ఎటు జరిగితె అటు జరుగుతది, దగ్గరికి తీసుకుంటది. వెనక సామాన్లన్ని మసక చేస్తది. పెద్ద పెద్ద ఆఫీసర్లు ఇదే కొంటాండ్రు."

నిజంగానే పట్టుకుంది. యమున కొంచెం పక్కకు జరిగితే పక్కకు జరిగింది. మొహం తెర నిండా వచ్చింది. ఆమె నాలుగు మాటలు సైగ చేసి, ఎలా ఉందని అడిగింది.

నిఖిల్ నవ్వాడు. "మేడమ్, మీ మొహం పెళ్లి ఫోటోలో లాగా వెలిగిపోతోంది. చేతులు ఇంట్లో పెట్టి వచ్చారా?"

యమున వెనక్కి జరిగింది. కెమెరా వెంటబడి మళ్లీ మొహాన్నే దగ్గరికి తీసుకుంది. చేతులు ముందుకు చాపితే, వాటిని కూడా సామాన్లే అనుకుని వేళ్ల కొసలు మసక చేసి చెరిపేసింది. కరీముద్దీన్ ఆ తెలివితేటలన్నీ ఆపడానికి సెట్టింగ్స్‌లోకి దిగాడు. ఆపితే ఆగిందిగానీ, కాల్ కట్ చేసి మళ్లీ పెట్టగానే మళ్లీ మొహం వెంట పడింది.

"దీనికి మొహం పిచ్చి కరీం భాయ్," అన్నది యమున. "తియ్యండి ఇంకోటి."

రెండోది చిన్నది, చవకది, తలుపు గొళ్లెంలా ఉంది. ఇది మాత్రం వెడల్పుగా చూసింది. నెత్తి మీది నుంచి నడుము దాకా, రెండు మోచేతులూ పడ్డాయి. యమునకు కాస్త ఆశ పుట్టింది. కానీ చెయ్యి ముందుకు తెచ్చినప్పుడల్లా కెమెరా చేతిని చూడాలా, మొహాన్ని చూడాలా అని తడబడింది. చెయ్యి తేటగా వస్తే మొహం మసక, మొహం తేటగా వస్తే చెయ్యి మసక.

"చెయ్యి మంచిగ కనవడ్తాంది గదా చెల్లె, మొహం జర మసకైతె ఏమైతది?" అన్నాడు కరీముద్దీన్. ఈసారి ఆయన గొంతులో కాస్త విసుగు ఉంది. కౌంటర్ మీద అప్పటికే రెండు పెట్టెలు విప్పి ఉన్నాయి.

యమున లాప్‌టాప్ వైపు నుంచి ఆయన వైపు తిరిగింది. "చూడుండ్రి భాయ్. ఇది నొప్పి," అని సైగ చేసి చూపించింది. "కనుబొమ్మలు పైకి లేపి చేస్తె, నొప్పి ఉన్నదా అని అడిగినట్టు. లేపకపోతె, నొప్పి ఉన్నదని చెప్పినట్టు. మొహం మసకైతె డాక్టరు అడిగిందో చెప్పిందో పేషంటుకు ఎట్ల తెలుస్తది?"

కరీముద్దీన్ నెత్తి మీది కళ్లద్దాలు కిందికి దించుకున్నాడు. ఆమె చేతులనూ మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. "ఇంకోపారి చెయ్యి," అన్నాడు. ఆమె చేసింది. ఆయన కనుబొమ్మలు కూడా తనకు తెలియకుండానే పైకి లేచాయి.

"అరె, నేను ఇన్ని ఏండ్ల సంది కెమెరాలు అమ్ముతాన్న, ఇది ఎవ్వలు చెప్పలె," అంటూ స్టూలు ఎక్కి పై అర మీద చెయ్యి పెట్టాడు. దుమ్ము పట్టిన పెట్టె ఒకటి దించాడు. "ఆన్‌లైన్ క్లాసుల టైంల ఐదు తెప్పించిన. నాలుగు పోయినయి. ఇది నల్లగ, మోటుగ ఉన్నదని ఎవ్వలు తీసుకోలె. దీంట్ల తెలివి ఏం లేదు. ఫోకస్ చేత్తోని తిప్పుకోవాలె. ఒక్కపారి పెడితె అక్కడ్నే ఉంటది. సెకనుకు అరవై బొమ్మలు తీస్తది."

"తెలివి లేనిదే గావాలె నాకు," అన్నది యమున.

నల్ల కెమెరాను లాప్‌టాప్ మీద తగిలించి, కాస్త కిందికి వంచి, ముందుండే వలయాన్ని తిప్పింది. మొహమూ, మొహానికి జానెడు ముందున్న చెయ్యీ రెండూ తేటగా వచ్చేచోట ఆపింది. తర్వాత అసలు పరీక్ష. మందుల పేర్లు వేళ్లతో అక్షరం అక్షరంగా, తను దవాఖానలో చెప్పేంత వేగంతో చెప్పింది. నిఖిల్ వాటిని చదివి టైపు చేసి పంపాలి. మొదటిది సరిగ్గా వచ్చింది. రెండోదీ వచ్చింది. మూడో పేరులో యమున కావాలని ఒక అక్షరం తప్పు పెట్టింది. ఊహించి రాస్తే నిఖిల్ ఒప్పే రాస్తాడు, చూసి రాస్తే తప్పే రాస్తాడు.

తప్పే వచ్చింది. కింద ఇంకో మాట కూడా వచ్చింది: "మేడమ్, స్పెల్లింగ్ తప్పు. నన్ను పరీక్ష చేస్తున్నారా, కెమెరానా?"

యమున పెద్దగా నవ్వేసరికి పక్క కొట్టువాడు తొంగిచూశాడు.

"ఖతం. ప్యాక్ చెయ్యనా?" అన్నాడు కరీముద్దీన్.

"ఇంకా లేదు. ఇక్కడ మీ దుకాణంల లైట్లు ఎక్కువున్నయి. ఊళ్లల్ల ఇట్ల ఉండవు."

ఆయన పోయి షట్టర్ సగానికి పైగా దించి, ఒక్క బల్బు తప్ప అన్నీ ఆర్పేశాడు. బేరానికి వచ్చిన ఇద్దరు దుకాణం మూసేశారనుకుని వెనక్కి పోయారు. చీకట్లో కెమెరా బొమ్మను వెలుగుగానే చూపించింది, కానీ చేతుల వెనకాల తోకలు మొదలయ్యాయి. నిఖిల్ అడ్డంగా తల ఊపాడు. యమున మొహం కాస్త ముడుచుకుంది.

ఈసారి కరీముద్దీన్‌కే పట్టుదల వచ్చింది. "ఆగు. వెలుగు తక్కువైతె ఇది ఒక్కొక్క బొమ్మను ఎక్కువసేపు తీస్తాంది. గందుకే తోక వస్తాంది. ఆ ఆటో తీసేస్త." సెట్టింగ్స్‌లో ఒక గీతను వేలితో జరిపాడు. బొమ్మ నల్లబడింది. చేతులు మాత్రం తోకలు తెగి, వేలికి వేలు విడిగా నిలిచాయి.

"నలుపైనా ఫరవాలేదు," అన్నాడు నిఖిల్ అవతలి నుంచి. "చదవొచ్చు."

యమున ఆఖరుగా లాప్‌టాప్‌ను రెండు చేతులతో ఎత్తి, ఆటోలో పోతున్నట్టు ఊపింది. కరీముద్దీన్, "అయ్యో, అయ్యో, పడ్తది!" అని చేతులు అడ్డం పెట్టాడు. క్లిప్పు జరగలేదు. తీగ చుట్టి మడిస్తే కళ్లద్దాల డబ్బాలో పట్టింది. అప్పుడు కూర్చుంది యమున. ఆయన చాయ్ చెప్పించాడు.

"ఒక్క మాట అడగనా చెల్లె?" అన్నాడు చాయ్ గ్లాసు అందిస్తూ. "కెమెరా కొనొచ్చినోళ్లు అందరు ముందుగాల తమ మొహం చూసుకుంటరు. జుట్టు సర్దుకుంటరు. నువ్వు ఒక్కపారి గూడ నీ మొహం చూసుకోలె."

"నేను మంచిగ కనవడితె ఏమొస్తది భాయ్," అన్నది యమున, "నా మాట కనవడాలె గనీ."

పది రోజుల తర్వాత ఆమె పాలకుర్తిలో ఉంది. అక్కడి బడిలో వికలాంగుల సర్టిఫికెట్ల క్యాంపు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన బధిరుల పక్షాన పొద్దుటి నుంచి మాట్లాడుతూనే ఉంది. పదకొండున్నరకు రుహీ అపాయింట్‌మెంట్. మునుపైతే ఇటో అటో ఒకటి వదులుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు క్యాంపు డాక్టరుతో అరగంట సెలవు చెప్పి, ఖాళీగా ఉన్న తరగతి గదిలోకి పోయింది. కిటికీ వెలుగు వీపు మీద కాకుండా మొహం మీద పడేట్టు బెంచీని తిప్పుకుంది. కళ్లద్దాల డబ్బాలోంచి నల్ల కెమెరా తీసి తగిలించింది.

తెర మీద శోభారాణి, పక్కన గులాబ్ బీ, కొంచెం వెనకగా రుహీ కనబడ్డారు.

"ఎట్లుందమ్మా? ఏమైనా ఇబ్బందా?" అన్నది డాక్టరు, అలవాటు కొద్దీ గులాబ్ బీ వైపు చూస్తూ.

"ఏం లేదమ్మా. మంచిగ తింటాంది, మంచిగ పంటాంది," అన్నది గులాబ్ బీ.

యమున ప్రశ్ననూ జవాబునూ రెండింటినీ రుహీకి చెప్పింది. రుహీ కుర్చీ ముందుకు జరుపుకుంది. తెరలో యమున చేతులు నడుము దాకా కనబడుతున్నాయి. అది గమనించినట్టు ఆమె కళ్లు ఒక్క క్షణం కిందికి పోయి పైకి వచ్చాయి. తర్వాత ఆమె చేతులు లేచాయి.

"అది మా అత్తమ్మ జవాబు. నా జవాబు నేను చెప్తాను," అని యమున గొంతులో వినబడింది.

గులాబ్ బీ ఉలిక్కిపడింది. "నువ్వు చెప్పుడేంది బిడ్డా?"

"నేను గాదమ్మా, మీ కోడలు. ఆమె 'నేను' అంటె నేను గూడ 'నేను' అనే అంట. నా గొంతు పట్టించుకోకుండ్రి, ఆమెను చూడుండ్రి."

రుహీ చెప్పడం మొదలుపెట్టింది. డాబా మీద బట్టలు ఆరేస్తుంటే రెండుసార్లు కళ్లు తిరిగి కూలబడింది. కాసేపు అక్కడే కూర్చుని, తగ్గాక దిగి వచ్చింది. ఎవరికి చెప్పాలి? ఎట్లా చెప్పాలి? హమ్మాద్ వరంగల్‌లో పని మీద ఉన్నాడు. తల తిరుగుతోందని అత్తకు సైగ చేస్తే ఎండ దెబ్బ అనుకుని మజ్జిగ ఇచ్చింది. ఇంకోటి, పచ్చి బియ్యం నమలాలనిపిస్తుంది. డబ్బాలోంచి పిడికెడు తీసి కొంగున దాచుకుని నములుతుంది. అది తప్పేమోనని ఎవరికీ చెప్పలేదు.

శోభారాణి కలం పక్కన పెట్టి, కాగితాల్లోంచి రక్తపరీక్ష రిపోర్టు తీసింది. షుగర్ బాగానే ఉంది. రక్తం మాత్రం చాలా తక్కువగా ఉంది. మాత్రలు సరిపోవు, వారానికోసారి ఇంజెక్షన్లు వేయించుకోవాలన్నది. "బియ్యం తినాలనిపించడం రక్తం తక్కువై వచ్చేదే, తప్పు కాదు. ముందే తెలిస్తే ముందే మొదలుపెట్టేవాళ్లం."

"ఇంట్లనే పడిపోయిందా? రెండుపార్లా?" అన్నది గులాబ్ బీ. "నాకు తెల్వకపాయె గదా తల్లీ." ఆమె కోడలి రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. రుహీ మెల్లగా విడిపించుకుంది. కోపంతో కాదు, ఆమెకు ఇంకా చెప్పాల్సింది ఉంది. చేతులు పట్టుకుంటే ఆమె నోరు మూసినట్టే.

"డాక్టర్ గారూ, నాకొక ప్రశ్న ఉంది. కాన్పు గదిలో మీరందరూ మాస్కులు పెట్టుకుంటారు. పెదాలు కనబడవు, మొహాలు కనబడవు. ముక్కమంటున్నారా, ఆపమంటున్నారా నాకెవరు చెప్తారు?"

శోభారాణి పదిహేనేళ్లుగా కాన్పులు చేస్తోంది. ఈ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె ఈసారి గులాబ్ బీ వైపు కాకుండా నేరుగా రుహీ వైపు తిరిగి, నిదానంగా చెప్పింది. "మా దగ్గర పెద్ద టాబ్ ఉంది. మంచం ముందర స్టాండు మీద పెట్టిస్తాను. యమున గారు, ఆ రోజు మీరు దొరుకుతారా?"

"దొరుకుత," అన్నది యమున. ఆ మాట నోటితోనూ చేతులతోనూ ఒకేసారి చెప్పింది.

మూడు నెలల మీద వారానికి, ఒక శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి నొప్పులు మొదలయ్యాయని హమ్మాద్ మెసేజ్ పెట్టాడు. యమున ఆ రోజు హనుమకొండలో ఇంట్లోనే ఉంది. ముదురు నీలం చీర కట్టుకుని, తెల్లగోడ ముందు కూర్చుంది. పది గంటల నుంచి తెర ముందు నుంచి కదల్లేదు. అవతల మాస్కుల వెనకాల నుంచి డాక్టరు చెప్పిన ప్రతి మాటా ఆమె చేతుల మీదుగా రుహీ కళ్లలోకి పోయింది. ఊపిరి తీసుకో. ఇప్పుడు వద్దు. ఇంకా వద్దు. రుహీ నొప్పిలో పిడికిళ్లు బిగించినప్పుడు ఆమెకు మాట లేదు. పిడికిలి విప్పినప్పుడల్లా ఒకటే అడిగింది, ఇంకా ఎంతసేపు? యమున అడిగి చెప్పింది, దాచలేదు, తగ్గించలేదు. "ఇంకా రెండు గంటలు పట్టొచ్చంటున్నారు" అని ఉన్నది ఉన్నట్టే చెప్పింది. రుహీ కళ్లు మూసుకుని, తెరిచి, సరే అన్నది.

శేఖర్ ఆ రోజు సెలవు పెట్టాడు. కెమెరాలో పడకుండా పక్కనుంచి వంగి, గ్లాసుతో మజ్జిగ ఆమె నోటికి అందించాడు. భుజాలు గుంజుతుంటే వెనక నుంచి పట్టబోయి, గోడ మీద తన నీడ పడుతోందని ఆగిపోయాడు.

రెండూ నలభైకి డాక్టరు గట్టిగా అరిచింది. యమున రెండు చేతులూ ఒక్కసారిగా ముందుకు తోసింది, ఇప్పుడు! అంతే బలంతో, కనుబొమ్మలూ పళ్లూ బిగించి, అరుపును అరుపుగానే చూపించింది. ఇప్పుడు, ఇప్పుడు, ఇంకా!

ఆడపిల్ల. రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. నర్సు ముందు పిల్లను తెర దగ్గరికి తెచ్చి చూపించబోయింది. యమున అడ్డంగా చెయ్యి ఊపి, "నాకు గాదమ్మా, ఆమెకు చూపించు ముందు" అన్నది. రక్తం ఎక్కించాల్సిన పని పడలేదు. అప్పటిదాకా వేసిన ఇంజెక్షన్లు కాపాడాయని శోభారాణి తర్వాత చెప్పింది. ఆ సాయంత్రం యమునకు చెయ్యి భుజం కంటే పైకి లేవలేదు. శేఖర్ అన్నం కలిపి పెట్టాడు.

ఇప్పుడు శోభారాణి దగ్గర మంగళవారాలు, శుక్రవారాలు బధిరులకు టైం ఉంది. ఆ రోజుల్లో యమున తెర మీద ఉంటుంది. నిఖిల్, ఇంకో ముగ్గురు శిష్యులు కలిసి, వీడియో కాల్‌లో చేతులు ఎలా కనబడాలో చెప్పే చిన్న పాఠాలు తయారుచేస్తున్నారు. దాంట్లో యమున మాట్లాడుతుంది, నిఖిల్ తప్పులు పట్టుకుంటాడు.

పిల్లకు నలభై రోజులు నిండాక ఒక మధ్యాహ్నం గులాబ్ బీ ఒక్కతే వీడియో కాల్ చేసింది. ఫోన్ మరీ దగ్గరగా పెట్టుకుంది, తెర మీద సగం మొహమే కనబడింది.

"బిడ్డా, కోడలు ఇంట్ల లేదు, గందుకే చేసిన. నాకు సైగలు నేర్పు జర."

"నేర్పుత అమ్మా. ఏం నేర్వాలె?"

"మంచిగున్నవా, నిద్ర పట్టిందా, పిల్లను ఇటియ్యి, ఇవన్ని వస్తయి నాకు, ఆమెనే నేర్పింది." గులాబ్ బీ వెనక్కి ఒకసారి చూసుకుని గొంతు తగ్గించింది. "గనీ నన్ను కోపం చేసినప్పుడు ఆమె పది మాటలు అంటది, నేను ఒక్కటి గూడ అనలేకపోతాన్న. కోపం చేసెతందుకు రెండు మూడు చెప్పు."

యమునకు నవ్వాగలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ఫోన్ దూరం పెట్టుండ్రి, చేతులు కనవడాలె," అన్నది. "ఇగో, ఇది 'పొద్దంత ఫోనేనా' అని. చెయ్యుండ్రి చూద్దాం."

గులాబ్ బీ ఫోన్‌ను గోడకు ఆనించి, కొంగు నడుముకు చెక్కుకుని, రెండు చేతులూ పైకి లేపింది.